రెండో బుట్టలో ఏముంది?

అనగనగనగా, నిప్పుకొండ ఇంకా పొగ తాగడం నేర్చుకుంటున్న రోజుల్లో, సముద్రానికి అవతల జావాలో ఒక ఊరుండేది. కొండవాలు మీద మెట్లు మెట్లుగా వరిమళ్ళు. పైమడి నిండితే కిందిమడికి నీళ్ళు. కిందిమడి నిండితే దాని కిందిమడికి నీళ్ళు. పైవాడు గండి మూస్తే కిందివాడి నారు ఎండాలి. అందుకని ఆ ఊళ్ళో అందరూ అందరితోనూ మంచిగా ఉండేవాళ్ళు. మంచితనం ఎక్కువై కాదు. నీళ్ళ కోసం.

ఆ ఊళ్ళో తుమినా అనే ఆడమనిషి ఉండేది. అందగత్తె కాదు. కలిగినది కాదు. మంత్రాలూ మాయలూ రావు. మొగుడు పోయాక పుట్టింటికి తిరిగొచ్చిన మామూలు మనిషి. ఆమెకున్నవి మూడే. ఒకటి, వరి కోసే చిన్నకత్తి. పైరుతల్లి శ్రీదేవి బెదరకుండా అరచేతిలో దాచుకుని ఒక్కొక్క కంకే కోయాలి, అంత చిన్నది. రెండు, బరువులు వీపుకి కట్టుకునే పొడవాటి నేతగుడ్డ. మూడు, నోరు. మొదటి రెండూ ఊళ్ళో ప్రతి ఆడదానికీ ఉండేవి. మూడోదీ ఉండేది. వాడేవాళ్ళే తక్కువ.

తుమినాకి ఇద్దరన్నలు. పెద్దవాడు సూరో. ఏటికి దిగువన అత్తారింట్లో ఉండేవాడు, కోతలప్పుడు మాత్రం వచ్చి ధాన్యం ఎలా ఉందో చూసి పోయేవాడు. రెండోవాడు తిర్తో. తాటిబెల్లం కావడిలో వేసుకుని సంత సంతా తిరిగేవాడు. కాన్పులో అతని పెళ్ళాం పోతే, పుట్టిన ఆడపిల్లని చెల్లెలి చేతిలో పెట్టి మళ్ళీ సంతకి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల పేరు వర్ని. బొద్దుగా ఉండేది, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ.

ఇక తల్లి. ముసలమ్మకి మోకాళ్ళు పడిపోయాయి. కానీ పొద్దున్నే మడిని చూడకపోతే అన్నం సయించదు. అందుకని తుమినా రోజూ తల్లిని గుడ్డలో వేసి వీపుకి కట్టుకునేది. చంకలో వర్ని. అలాగే గట్టు మీద నడిచి వెళ్ళేది. తల్లిని గుడిసెలో కూర్చోబెట్టి, పిచికల్ని తోలే తాడు చేతికిచ్చేది. తాను మడిలో దిగేది.

ఇలా ఉండగా తండ్రి చనిపోయాడు. పోయినవాళ్ళ పేరున ఊరికి పెట్టాల్సిన భోజనాలన్నీ పెట్టారు. ఇక మడి పంచుకోవాలి.

పంపకానికి ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఊరిపెద్దని వాళ్ళు లురా అంటారు. లురా ఇంటి ముందు ఆ మడిలో పండిన వరిపనలు కుప్ప పోస్తారు. కొడుకులు కావళ్ళు తెచ్చుకుంటారు. కూతుళ్ళు గుడ్డ తెచ్చుకుంటారు. కావడికి రెండు బుట్టలు, కాబట్టి కొడుక్కి రెండు బుట్టల పనలు. గుడ్డలో పట్టేది ఒక్క మూట, కాబట్టి కూతురికి ఒక్క మూట. పనలు ఎలా పంచితే మడి కూడా అలాగే. అందులోనూ నీళ్ళు ముందు చేరే ముక్క కావడివాళ్ళకి, ఆఖరున చేరే ముక్క మూటవాళ్ళకి.

లురా అరుగు మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"మగబిడ్డకి కావడి, ఆడబిడ్డకి మూట. ఇది తాతల మాట."

ఊరంతా తలూపింది. సూరో రెండు బుట్టలూ నిండాయి. తిర్తో రెండు బుట్టలూ నిండాయి.

"తుమినా, నీ గుడ్డ పరువమ్మా."

"గుడ్డ ఖాళీ లేదు పెద్దయ్యా. అమ్మ ఉంది."

అందరూ నవ్వారు. వీపు మీదున్న ముసలమ్మ కూడా నవ్వింది, తమలపాకు రసం గడ్డం మీదికి కారేలా.

"ఉంటే దించు" అన్నాడు లురా.

"దించుతాను. ఒక్క మాట అడగొచ్చా?"

సూరో నెత్తి కొట్టుకున్నాడు. "అయిపోయింది. దీని ఒక్క మాట అంటే సద్దిమూట కట్టుకుని కూర్చోవాల్సిందే."

"తెచ్చాను, వర్ని దగ్గరుంది. ఆకలేస్తే నువ్వూ తిను అన్నా" అంది తుమినా. లురా వైపు తిరిగింది. "నాకొచ్చేది చివరి ముక్క. ఎండాకాలం అక్కడికి చుక్క నీరు చేరదు. దాంతో మూడు నోళ్ళు నిండవు. నా నోరు నేను చూసుకుంటా. ఒక్క మూట భుజాలకి ఒక్క మూట బరువే న్యాయం. కాబట్టి అమ్మని కావడివాళ్ళకి అప్పగిస్తున్నాను. వాళ్ళకి రెండు బుట్టలున్నాయి కదా?"

తుమినా గుడ్డ ముడి విప్పి, తల్లిని అరుగు మీద కూర్చోబెట్టింది. వీపు నిటారుగా చేసి అటూ ఇటూ విరుచుకుంది. ఆమె అంత పొడగరి అని ఊరికి ఆ రోజే తెలిసింది.

ఊరంతా చూస్తోంటే సూరోకి తప్పలేదు. పనలు కింద పోసి, ఒక బుట్టలో తల్లిని కూర్చోబెట్టాడు. కావడి బద్ద భుజాన వేసుకుని లేచాడు. తల్లి బుట్ట కిందే ఉండిపోయింది. ఖాళీ బుట్ట గాల్లోకి లేచింది. బద్ద వచ్చి అతని గడ్డానికి తగిలింది.

"అన్నా, రెండో బుట్టలో ఏం పెడతావు?" అంది తుమినా.

సూరో చుట్టూ చూశాడు. లురా పెరట్లో బట్టలుతికే రాయి కనిపించింది. దొర్లించుకొచ్చి రెండో బుట్టలో వేశాడు.

"ఒరే సూరో" అంది ముసలమ్మ, "ఊళ్ళో ఇంతమంది ఉండగా నాకు జతగా బండే దొరికిందిట్రా?"

కావడి తూగింది. సూరో నాలుగడుగులు వేశాడు. వాకిలి దాటకముందే దించేశాడు. "ఊరికే బండని మోయడం ఎవడివల్ల అవుతుంది?" అన్నాడు ఒగురుస్తూ.

"బండ సంగతి సరే. అమ్మ మాటేమిటి?" అంది తుమినా.

సూరో గడ్డం రుద్దుకుంటూ కూలబడ్డాడు.

తిర్తో ముందుకొచ్చాడు. సంతలు తిరిగినవాడు, తెలివైనవాడు. తన పనలూ కింద పోశాడు. ఒక బుట్టలో తల్లిని కూర్చోబెట్టాడు.

"అన్నా, రెండో బుట్టలో ఏం పెడతావు?"

"చూస్తూ ఉండు." కుప్పలోంచి మంచి పనలు ఏరి రెండో బుట్ట నింపాడు. "బరువుకి బరువు, లాభానికి లాభం."

ఊరు భేష్ అంది. కావడి చక్కగా తూగింది. తిర్తో వీధి చివరిదాకా నడిచాడు. అక్కడ ముసలమ్మ బుట్టలోంచి తల పైకెత్తి అడిగింది.

"తిర్తో, ఆ పనలు తీసుకెళ్ళి గాదెలో పోస్తావు. నన్నెక్కడ పోస్తావురా?"

తిర్తో ఆగిపోయాడు. వెనక్కి తిరిగి వచ్చి కావడి దించాడు. "నిజమే చెల్లీ. నెలలో మూడొంతులు నేను సంతల్లోనే ఉంటాను. అమ్మని ఏ సంతలో దించను?"

అప్పుడు తుమినా సూరో కావడిలోని బండని దొర్లించేసి, బద్ద అందుకుంది.

గోల లేచింది. ఒక తాత కర్ర నేలకేసి కొట్టాడు. "ఆడది కావడెత్తితే పైరుతల్లికి కోపం వస్తుంది. మళ్ళో నీళ్ళు ఇంకిపోతాయి!"

"తాతా, ఒక్క మాట. పైరుతల్లి ఆడదా, మగాడా?"

"ఇదేం ప్రశ్నే? తల్లి కదా, ఆడదే."

"ఈ ఊరందరి అన్నం మోస్తోంది కదా. ఆమెకి మీరు రాసిచ్చింది కావడా, మూటా?"

తాత నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉంది. పక్కనున్న అతని పెళ్ళాం మాత్రం, "నోరు మూసుకో, ఈగలు దూరతాయి" అంది.

తుమినా ఒక బుట్టలో తల్లిని కూర్చోబెట్టింది.

"నువ్వేం పెడతావే రెండో బుట్టలో?" అన్నాడు సూరో, పట్టుదలగా.

"వర్నీ, ఇటురా. ఎక్కు."

వర్ని ఉడకబెట్టిన కర్రపెండలం ముక్క పట్టుకుని బుట్టలో కూర్చుంది. తుమినా లేచింది. కావడి తల్లి వైపుకి ఒరిగింది. తుమినా భుజాన్ని ఆ వైపుకి జరిపింది. బరువు ఎటుంటే భుజం అటు జరగాలి, కావడివాళ్ళందరికీ తెలిసిన సంగతే. కావడి నిలిచింది.

"అత్తా, అవ్వ బుట్టలో తమలపాకులున్నాయి. నా బుట్టలో ఏమీ లేదు" అంది వర్ని.

"నీ బుట్టలో నువ్వున్నావు కదే. కదలకుండా తిను."

తుమినా నడిచింది. వీధి చివరిదాకా నడిచింది. నీళ్ళ గండిదాకా నడిచింది. గట్ల మీద మడి చుట్టూ నడిచింది. ఊరంతా వెనకాలే నడిచింది. ఎక్కడా దించలేదు. తిరిగొచ్చి అరుగు ముందు నిలబడింది. మళ్ళో నీళ్ళు ఇంకలేదు.

లురా ఇరకాటంలో పడ్డాడు. "కావడి మోసింది కాబట్టి కావడి వాటా ఇవ్వాలేమో. కానీ తాతల మాట…"

"పెద్దయ్యా, ఒక్క మాట. లురాగా మిమ్మల్ని కాదు, తండ్రిగా మా అన్నని అడుగుతాను." కావడి భుజాన ఉండగానే తిర్తో వైపు తిరిగింది. "నా రెండో బుట్టలో ఉన్నది నీ కూతురు. రేపు నువ్వు మళ్ళీ పెళ్ళి చేసుకుంటావు. కొడుకు పుడతాడు. నువ్వు పోయాక వాడు కావడితో వస్తాడు, ఇది గుడ్డతో వస్తుంది. దీనికి చివరి ముక్క ఇచ్చి పంపమంటావా? ఇప్పుడే చెప్పు, పిల్ల వింటోంది."

తిర్తో కూతుర్ని చూశాడు. వర్ని కర్రపెండలం నమలడం ఆపి తండ్రిని చూసింది. తండ్రి ముఖం అంత దగ్గరగా ఆమె చూసింది తక్కువ.

తిర్తో వెళ్ళి తన పనలన్నీ తెచ్చి కుప్పలో పోశాడు. "కలపండి. మొత్తం కలిపి మళ్ళీ పంచండి. మూడు సమానంగా."

"నావి కలపను" అన్నాడు సూరో. పనల మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

అప్పుడు ముసలమ్మ బుట్టలోంచే అంది. "నాకూ మా పుట్టింట్లో మూటే ఇచ్చారు సూరో. నోరు మూసుకుని తీసుకున్నాను. అది నా తప్పు. కానీ నీ సంగతి చెబుతా విను. నువ్వు పుట్టినప్పుడు నీకు తెగని జ్వరం. నిప్పుకొండ బూడిద వానలా రాలుతోంటే వైద్యుడి ఊరికి నిన్ను మోసుకెళ్ళింది నేనే. నిన్ను కూడా గుడ్డలోనే మోశానురా. కావడిలో కాదు. ఒక్క మూటే కదా అని తక్కువగా మోయలేదు."

సూరో లేచి, తన పనలు తనే తీసుకెళ్ళి కుప్పలో వేశాడు. విసురుగానే వేశాడు. కానీ వేశాడు.

లురా ఊపిరి పీల్చుకున్నాడు. "తాతల మాట తాతలదే. ఇవాళ్టికి అవ్వ మాట" అన్నాడు. పనలు మూడు సమానంగా పంచాడు. నీళ్ళు ఆఖరున చేరే ముక్క ఎవరికి అన్న దగ్గర మళ్ళీ కాసేపు అరుచుకున్నారు. ఏడాదికొకరు వంతులవారీగా చేసుకోవాలని తేలింది. మొదటి వంతు సూరోకి వచ్చింది. ఆ ఏడు గండి దగ్గర సూరో అరుపులు పక్క ఊరికి వినిపించేవి.

ఆ ఒక్క పంపకంతో ఊరంతా మారిపోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. మారలేదు. ఆ తర్వాత కూడా చాలా ఇళ్ళల్లో తాతల మాటే నడిచింది. తుమినా ఏ ఇంటికి పంపకమున్నా వెళ్ళేది. వెనకాల నిలబడి, "ఒక్క మాట అడగొచ్చా?" అనేది. కొందరు అడగనిచ్చారు. కొందరు తలుపేసుకున్నారు. తలుపేసుకున్నవాళ్ళ మడికి గండి మూసిందని ఒక పుకారుంది. అది అబద్ధం. తుమినా అలాంటి పని చెయ్యలేదు. చేస్తానని మాత్రం అంది.

ముసలమ్మ తుమినా ఇంట్లోనే పోయింది. వర్ని పెద్దదైంది. తుమినా ముసలిదైంది. కలిగినది కాలేదు. ముగ్గురికి సరిపడా మడి, అంతే. ఒక వానాకాలం నారు పీకుతూ, నడుం పట్టేసిందని గట్టు మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

పాడె మోయడానికి మగవాళ్ళు వచ్చారు. వర్ని కూడా వచ్చి ముందువైపు భుజం పెట్టింది.

"ఆడభుజం మొయ్యకూడదు" అన్నారెవరో.

"ఈమె భుజం మీద నేను తిరిగాను. నా భుజం మీద ఈమె వెళుతుంది. జరగండి" అంది వర్ని.

జరిగారు.

దేవగన్నేరు చెట్ల కింద తుమినా గోరీ ఉండేది. దాని మీద పేరు లేదు, రాయి లేదు. ఇప్పుడది ఎక్కడుందో ఆ ఊరివాళ్ళకే సరిగా తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఎందుకంటే ఆ ఊళ్ళో నేటికీ మడి పంచుకునేటప్పుడు పనల కుప్ప పక్కన రెండు బుట్టలు పెడతారు. ముందు, ఇంట్లో నడవలేని పెద్దవాళ్ళుంటే ఒక బుట్టలో కూర్చోబెడతారు. లేకపోతే పోయిన పెద్దవాళ్ళ బట్ట ఒకటి మడతపెట్టి ఉంచుతారు. రెండో బుట్ట ఖాళీగా ఉంచుతారు. ఎవరైనా లేచి నాకు ఎక్కువ రావాలి అంటే, అక్కడున్నవాళ్ళలో అందరికన్నా పెద్ద ఆడమనిషి అడుగుతుంది.

"నీ రెండో బుట్టలో ఏముంది?"

జవాబున్నవాళ్ళు చెబుతారు. లేనివాళ్ళు కూర్చుంటారు. బెల్లమన్నం పెద్ద ముద్ద కోసం కొట్టుకునే పిల్లలు కూడా ఒకళ్ళనొకళ్ళు ఇదే మాట అడుగుతారు.

మన కథలైతే కంచికి వెళ్ళి అక్కడే కూర్చుంటాయి. ఇది కూర్చునే రకం కాదు, తుమినాలాగే. ఎక్కడ వాటాలు వేస్తే అక్కడికి వచ్చి వెనకాల నిలబడుతుంది. మీ ఇంట్లో వేసేటప్పుడు ఒక బుట్ట ఖాళీగా ఉంచండి.