బండ ఎక్కినవాళ్లకే జ్వరం

తేనెకొండ అడవిలో కొండ మీద కొండముచ్చులు, జింకలు, అడవిదున్నలు ఉండేవి. కొండ కింద పల్లంలో కుందేళ్లు, ముళ్లపందులు, కౌజుపిట్టలు ఉండేవి. మనందరిదీ ఒకే అడవి అని పైవాళ్లు తరచూ అనేవారు. కిందివాళ్ల నోట మాత్రం ఆ మాట ఎవరూ వినలేదు.

కొండ మీద ఒక ఊట ఉంది. జింకలూ కొండముచ్చులూ ఊట దగ్గరే చల్లటి నీళ్లు తాగేవి. ఊటకు కాస్త దిగువన అడవిదున్నలు పొర్లాడేవి. ఆ బురదా పేడా కలిసిన నీరు కిందికి జారి పల్లంలో మడుగు కట్టేది. కుందేళ్లకూ ముళ్లపందులకూ తాగడానికి ఆ మడుగే దిక్కు. ఎప్పుడైనా ఒక కుందేలు దాహం ఆగక ఊట దాకా వెళితే అడవిదున్న కొమ్ములు దించేది. "ఇది మీ చోటు కాదు" అనేది. కుందేలు మారు మాట్లాడకుండా వెనక్కి వచ్చేది.

కొండ కొసన ఒక పెద్ద బండ ఉంది. దాని మీద దీర్ఘవాలుడనే కొండముచ్చు కూర్చునేవాడు. అడవి మొత్తానికి వైద్యుడు ఆయనే, పంతులూ ఆయనే. జబ్బు చేసినవాళ్లు బండ ఎక్కి వస్తే నాడి పట్టి చూసేవాడు. చుట్టూ శిష్యులు కూర్చుని ఆయన చెప్పింది వల్లెవేసేవారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. కాకపోతే బండ దిగేవాడు కాదు. "వైద్యుడే రోగిని వెతుక్కుంటూ పోతే చదువుకు విలువేముంది?" అనేవాడు.

ఒక వేసవిలో అడవిలో జ్వరం పుట్టింది. కొన్ని జింకలు, ఒకటి రెండు కొండముచ్చులు ఒళ్లు వెచ్చబడి బండ ఎక్కి వచ్చాయి. దీర్ఘవాలుడు అందరినీ చూశాడు. అందరికీ రెండు మూడు రోజుల్లో తగ్గిపోయింది. ఆయన శిష్యులను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"ఈ జ్వరం చాలా తేలిక. దీనికి మందు అక్కర్లేదు. దీనితో ఎవరూ చావరు."

శిష్యులు ముక్తకంఠంతో అదే పలికారు. కొండ మీద అందరూ గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయారు.

పల్లంలో మాత్రం చావులు మొదలయ్యాయి. ముందు కౌజుపిట్టలు పోయాయి. తర్వాత ముళ్లపందుల ఇళ్లలో పిల్లలు పోయారు. జ్వరం బాగా ముదిరినవాళ్లు నాలుగు అడుగులు కూడా వేయలేకపోయారు. ఇక బండ ఎక్కేదెక్కడ?

ఒక తల్లి కుందేలు ఉండేది. దాని పిల్లల్లో ఒక్కతే మిగిలింది. దానికీ ఒళ్లు కాలిపోతోంది. తల్లి పరుగున కొండెక్కి బండ కింద నిలబడింది.

"పంతులుగారూ, నా బిడ్డ కళ్లు తెరవడం లేదు. బండ పక్కనున్న మీ చెట్టు చేదు చెక్క జ్వరానికి మందట, కాస్త ఇప్పించండి. మీ కాళ్లకు మొక్కుతాను."

"చూడకుండా మందివ్వను. బిడ్డను ఇక్కడికి తీసుకురా" అన్నాడు దీర్ఘవాలుడు.

తల్లి మళ్లీ పల్లానికి పరిగెత్తింది. బిడ్డను నోట కరుచుకుని మిట్టమధ్యాహ్నపు ఎండలో కొండెక్కింది. దారిలో బిడ్డ ఒకసారి ఊపిరి గట్టిగా తీసి ఊరుకుంది. తల్లికి తెలిసింది. అయినా ఆగలేదు. బండ మీదికి ఎక్కి బిడ్డను పంతులు ముందు పడుకోబెట్టింది.

దీర్ఘవాలుడు వంగి చూశాడు. "చనిపోయింది" అన్నాడు.

"జ్వరమయ్యా. మా పల్లమంతా ఇదే జ్వరం."

"కాదు. ఆ జ్వరంతో ఎవరూ చావరు. ఇది చనిపోయింది కాబట్టి ఇది ఆ జ్వరం కాదు." శిష్యుల వైపు తిరిగాడు. "చూశారా? పల్లంలో వీళ్లు పొదలు ఊడ్చుకోరు. పిల్లలను మురికిలో పడుకోబెడతారు. అందుకే ఇలా అవుతుంది. గుర్తు పెట్టుకోండి."

శిష్యులు గుర్తు పెట్టుకున్నారు. పిల్లలూ, నాకు ఈ కథలో అన్నిటికంటే ఒళ్లు మండేది ఇక్కడే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదురుగా నిలబడి ఉండగానే ఆ తప్పు ఆమె మీదే వేసి పాఠం చెప్పారు. ఆమె బిడ్డను ఎత్తుకుని కొండ దిగింది.

శిష్యుల్లో ఒక ముంగిస ఉండేది. ఆ పూట దానికి పాఠం తలకెక్కలేదు. తల్లి వెనకే పల్లానికి వెళ్లింది. ఏ పొద కింద చూసినా ఎవరో ఒకరు మూలుగుతున్నారు. కొన్ని పొదల కింద మూలుగు కూడా లేదు. ముంగిస మడుగు దగ్గరకు వెళ్లి నీళ్లు వాసన చూసి ముఖం తిప్పుకుంది. ఏరు వెంబడే పైకి నడుస్తూ అడవిదున్నలు పొర్లాడే చోటు దాకా వెళ్లింది. అక్కడి నుంచి తిన్నగా బండ మీదికి వచ్చింది.

"పంతులుగారూ, మనం నడవగలిగిన రోగులనే చూశాం. నడవలేనివాళ్లు కిందే చచ్చిపోతున్నారు. మడుగు నీళ్లే వాళ్లను చంపుతున్నాయి. జింకలు ఎప్పుడో దారిన పోతూ ఒక గుక్క తాగాయి. వాళ్లు రోజూ అవే తాగుతున్నారు. దున్నలను ఊటకు దూరంగా పొర్లమని చెప్పండి. కిందివాళ్లను ఊట దగ్గర తాగనివ్వండి."

"అమ్మాయ్, నా పని చదువు చెప్పడం. దున్నలతో తగాదా పెట్టుకోవడం కాదు. అయినా, చూడని రోగుల గురించి నేను పాఠం చెప్పను."

"మరి చూడని పొదల మురికి గురించి ఎలా చెప్పారు?"

దీర్ఘవాలుడి ముఖం ఎర్రబడింది.

"రేపటి నుంచి నువ్వు బండ ఎక్కనక్కర్లేదు" అన్నాడు.

ముంగిస చేదు చెక్క కొంత గీరి నోట పట్టుకుని కొండ దిగింది. మడుగుకు దూరంగా, ఇసుక ఉన్న చోట గోళ్లతో తవ్వడం మొదలుపెట్టింది. కాస్సేపటికి ముళ్లపందులు కూడా వచ్చి తవ్వాయి. ఇసుకలో వడగట్టుకుని తేట నీరు ఊరింది. ఆ చెలమ నీళ్లు తాగినవాళ్లలో కొత్తగా పడకేసినవాళ్లు తగ్గారు. చెక్క అందినవాళ్లలో కొందరు లేచారు. అందరూ లేవలేదు.

వేసవి ముదిరింది. పల్లంలో మేడిపళ్లు పండాయి. మేడిపళ్లంటే దీర్ఘవాలుడికి ప్రాణం. రోగుల కోసం దిగనివాడు పళ్ల కోసం దిగాడు. పళ్లున్నన్నాళ్లూ మేడిచెట్టు మీదే మకాం పెట్టాడు.

దాహం వేసి చెట్టు దిగితే చెలమ దగ్గర కుందేళ్లూ ముళ్లపందులూ వరసలో నిలబడి ఉన్నాయి. ముంగిస ఆయనను చూసి ఎదురు వెళ్లింది.

"కాస్త ఆగండి పంతులుగారూ, ఇక్కడే తాగుదురుగాని. ఆ మడుగు నీళ్లు వద్దు."

"కుందేళ్ల వెనక నిలబడి నీళ్లు తాగాలా నేను? వస్తే వస్తుంది జ్వరం. రెండు మూడు రోజుల జ్వరానికి ఇంత భయమా?"

వెళ్లి మడుగులో మూతి పెట్టి కడుపారా తాగాడు. మర్నాడూ తాగాడు. ఆ తర్వాత కూడా తాగాడు.

పళ్లు అయిపోయేసరికి చెట్టు కింద పడి ఉన్నాడు. ఒళ్లు నిప్పులా ఉంది. తోక కూడా కదపలేకపోతున్నాడు. ముంగిస కొండ మీదికి పరిగెత్తింది. బండ మీద పెద్ద శిష్యుడు పాఠం చెబుతున్నాడు. వాడూ కొండముచ్చే.

"పంతులుగారికి జ్వరం. తొందరగా రండి, చెక్క తీసుకుని రండి!"

"జ్వరమా? అయితే బండ మీదికి రమ్మను, చూస్తాం."

"ఆయన లేవలేకపోతున్నారు."

"లేవలేనంతగా పడిపోతే అది జ్వరం కాదు" అన్నాడు పెద్ద శిష్యుడు, ఎంతో ఓపిగ్గా. "మేడిపళ్లు మితిమీరి తిని ఉంటారు. అరిగిపోతే లేస్తారు." మిగతావాళ్లు తలలు ఊపారు.

ముంగిస తనే చెక్క గీరుకుని కిందికి వచ్చింది. దీర్ఘవాలుడు కళ్లెత్తి చూశాడు.

"ఏమన్నారు?"

ముంగిస ఉన్నదున్నట్టు చెప్పింది.

"బాగా నేర్చుకున్నారు" అన్నాడు ఆయన.

చెక్క ఆయన గొంతు దిగలేదు. ఒక కుందేలు చెలమలో ఆకు తడిపి తెచ్చి ఆయన పెదవులకు ఆనించింది. బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లే. ఆమెకు ఆయన మీద జాలి ఏమీ లేదు. దాహంతో అల్లాడేవాళ్లను చూస్తూ ఊరుకోలేకపోయింది, అంతే. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. సాయంత్రానికి పోయాడు.

అప్పుడు కొండ కదిలింది. పంతులుగారే పోయారంటే ఇక మన గతేమిటని జింకలు గగ్గోలు పెట్టాయి. అడవిదున్నలు మారు మాట్లాడకుండా పొర్లాట పక్క లోయలోకి మార్చుకున్నాయి. ఊట దగ్గర అందరూ తాగవచ్చని ఒప్పుకున్నాయి. పల్లంలో అన్ని ప్రాణాలు పోతే కదలనివాళ్లు పైన ఒక్కడు పోతే కదిలారు. ఇందులో సంతోషించడానికి ఏముందో నాకు తెలియదు. మడుగు మాత్రం తేటపడింది.

శిష్యులు ముంగిస దగ్గరకు వచ్చి తమకు చదువు చెప్పమన్నారు. ముంగిస వాళ్లను బండ దింపి పొద పొదకూ తిప్పింది. అలా తిరుగుతూ తల్లి కుందేలు పొద దగ్గర ఆగారు. ఆమె కాళ్లతో నేలను గీరి గీరి ఊడుస్తోంది. అక్కడ ఒక్క ఎండుటాకు కూడా లేదు. నేల గుంట పడింది.

"అక్కా, వీళ్లకు నువ్వేమైనా చెబుతావా?" అని అడిగింది ముంగిస.

"నాకేం తెలుసమ్మా చెప్పడానికి? మీరే చెప్పండి. నా బిడ్డ దేనితో పోయింది?"

పెద్ద శిష్యుడు తల దించుకున్నాడు.

"జ్వరంతోనే పోయిందక్కా" అంది ముంగిస. "మేం పంపిన నీళ్ల వల్ల వచ్చిన జ్వరంతో. నీ పొద అప్పుడూ శుభ్రంగానే ఉంది."

కుందేలు ఊడవడం ఆపింది. బిడ్డ పోయిన రోజు ఏడవని ఆ తల్లి అప్పుడు కూలబడి ఏడ్చింది.

నీతి: మన దగ్గరకు రాలేనివారి బాధను లెక్కచేయని చదువు, వారి ప్రాణాలు తీసి, ఆ తప్పు వారి మీదే వేస్తుంది.