‘వికృతంగా’ అంటే ఏమిటి?

ఒకానొక రాజ్యాన్ని రణసింగ భూపతి అనే రాజు ఏలుతుండేవాడు. చదివింది చారెడు, చాటుకునేది గంపెడు. అలాంటివాడికి నిఘంటువు రాయాలని బుద్ధి పుట్టింది. ఆయన చెబుతుంటే ఆస్థాన లేఖకుడు కొండుభట్టు గంటం పట్టి తాటాకుల మీద రాసేవాడు.

ఒకనాడు ‘వికృతంగా’ అనే మాట వచ్చింది.

"చూస్తే రోత పుట్టేంత వింతగా, అని అర్థం రాయి," అన్నాడు రాజు. ఉదాహరణ కోసం అటూ ఇటూ చూశాడు.

ఆయన్ని పెంచిన దాది పోలమ్మ మజ్జిగ తెచ్చి, గుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉంది. పసితనంలో రాజుకు అమ్మవారు పోస్తే, ఒళ్లోంచి దించకుండా సాకింది ఆమే. ఆయనకు మచ్చయినా మిగలకుండా తగ్గింది. ఆమెకు సోకి మొగమంతా గుంటలు పడ్డాయి, ఒక కన్ను పోయింది.

"పోలమ్మ వికృతంగా నవ్వును. ఇదీ ఉదాహరణ, రాయవయ్యా," అన్నాడు రాజు.

పోలమ్మ చటుక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కొండుభట్టు గంటం ఆపాడు. రాస్తే బడిపిల్లలు తరతరాలు ఆ తల్లి పేరు వల్లెవేసి నవ్వుతారు. రాయనంటే తన కొలువు ఊడుతుంది. కాసేపు ఆలోచించి గరగరా ఏదో రాశాడు.

"ఏదీ, చదువు."

"‘రాజుగారు చిన్ననాడు పోలమ్మను వికృతంగా పిలిచెడివారు.’"

రాజు మీసాలు అదిరాయి. "నేనా? ఏమని పిలిచానయ్యా?"

"అమ్మా, అని."

"అది వికృతమా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"వ్యాకరణం తెలిసిన ప్రభువులు, తమకు నేను చెప్పాలా? అంబ ప్రకృతి, అమ్మ వికృతి. ముఖం ప్రకృతి, మొగం వికృతి. ఎక్కడిదో మాట మన నోళ్లలో పడి, నలిగి, మనదైపోతే దాన్నే వికృతి అన్నారు పెద్దలు. పోలమ్మదీ ఒకప్పుడు ముఖమే మహారాజా. తమకోసం మొగమయింది."

రాజుకు సిగ్గు వేసింది. ఆ సిగ్గులోనే నవ్వు కూడా వచ్చింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

"నా నిఘంటువులో నన్నే ఇరికించావు కదయ్యా. ఆ ఉదాహరణ అలాగే ఉండనీ," అని చేతి కంకణం తీసి కొండుభట్టుకు తొడిగాడు. తరువాత గుమ్మం వైపు తిరిగి, "అమ్మా, ఇలా వచ్చి నా దగ్గర కూర్చో," అన్నాడు.

ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో పోలమ్మకే గుర్తు లేదు.

"ఉండు నాయనా, మోకాళ్లు పట్టేసినాయి," అంది.

రాజే లేచి ఎదురు వెళ్లాడు.