చీర గార్డు లేని ఇంజను సైకిలు

మండపేట బజారులో తాతారావు అనే సైకిలు మేస్త్రీ ఉండేవాడు. పనిలో చెయ్యి తిరిగినవాడే గానీ, తను చేసిన వస్తువును చూసి పదిమందీ ఆహా ఓహో అనకపోతే అతనికి ముద్ద దిగేది కాదు. రిక్షాకు గంట బిగించినా సరే, వీధిలోకి తెచ్చి నాలుగుసార్లు మోగించి గానీ ఇచ్చేవాడు కాదు.

అతని భార్య పేరు భూలక్ష్మి. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆమెకు కాలవ అవతల తూములపాలెంలో అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం వచ్చింది. ఊరు దూరం, బస్సు లేదు. గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వెళితే చేరేసరికి ఒంట్లో సత్తువ మిగలదు. సోమవారం పొద్దున్నే వచ్చి చేరాలి, రాలేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాం అని పైవాళ్లు ఖచ్చితంగా చెప్పేశారు.

"చిన్నప్పటి నుంచీ నాకు పిల్లల మధ్య ఉండాలనే కోరికండీ. చేతిదాకా వచ్చింది. ఎలా వెళ్లను?" అని భూలక్ష్మి దిగులు పడింది.

తాతారావు ఎగిరి గంతేశాడు. "దానికింత బెంగా? నీ సైకిలుకే ఇంజను బిగిస్తా! అదీ మామూలుగా కాదు. మా తాత చిన్నప్పుడు దొరలు వేసుకు తిరిగిన మోటారు సైకిళ్లు ఉండేవట, అచ్చం అలా కడతా. నువ్వు వెళుతుంటే బజారు బజారంతా నోరెళ్లబెట్టాలి!"

"బజారు సంగతి తర్వాత. నేను తూములపాలెం వెళ్లగలిగితే చాలు," అంది భూలక్ష్మి. ఆ మాట తాతారావు చెవిన పడితేగా!

ఇక చూడాలి ఆ సంబరం! అన్నం తింటూ కూడా బండి గురించే. పొలానికి మందు కొట్టే పాత స్ప్రేయరు ఇంజను ఒకటి సంపాదించి పెడళ్ల పైన కూర్చోబెట్టాడు. దాన్నుంచి వెనక చక్రానికి తోలు బెల్టు వేశాడు. కోలగా ఉండే పెట్రోలు ట్యాంకు చేయించి తేనెరంగు పూశాడు, అంచుకు బంగారు గీత లాగాడు. ముందు గిన్నెంత గుండ్రటి లైటు. పక్కన నొక్కితే బాతులా అరిచే రబ్బరు హారన్. సీటుకు ఎర్రతోలు. హ్యాండిలు తీసి తలకిందులుగా తిప్పి, పందెపు గుర్రం మెడ వంచినట్టు ముందుకీ కిందికీ వంచాడు. సీటు పైకెత్తాడు.

"ఏవండీ, ఒక్కసారి నేనెక్కి చూస్తా," అంది భూలక్ష్మి.

"అమ్మో! రంగు ఆరలేదు!"

మర్నాడు అడిగితే, "ఇప్పుడే మెరుగు పెట్టాను, వేలిముద్రలు పడతాయి!" అన్నాడు. ఆ తర్వాత అడిగితే, "నీ కొలతలు నాకు తెలియవా? కట్టుకున్నవాణ్ణి!" అని నవ్వేశాడు.

పాపం, కావాలని అలా అనలేదు, అతని అలవాటే అంత. ఏ బండి బాగుచేసినా తనే ఎక్కి వీధి చివరిదాకా వెళ్లొచ్చేవాడు. తనకు హాయిగా ఉంటే లోకానికంతా హాయిగా ఉన్నట్టే. అతనా, నిచ్చెన వెయ్యకుండా అటక అందుకునే మనిషి. భూలక్ష్మి అతని భుజం దాకా కూడా రాదు.

శనివారం నాటికి పాత సైకిలు సామాన్లలో రెండే మిగిలాయి. ఒకటి ముందున్న బుట్ట. రెండోది చీర గార్డు, అంటే వెనక చక్రంలో చీర చిక్కుకోకుండా పక్కన బిగించే ఇనప జాలీ. తాతారావు కళ్లు చిట్లించి చూశాడు. "ఛీ ఛీ! ఇంత అందమైన బండికి ఈ కోళ్లగూడు ఏంటి?" అని రెండూ ఊడబీకి కొట్లో మూలకి విసిరేశాడు.

"అయ్యో, అది ఉండాలండీ!" అంది భూలక్ష్మి.

"చీర కాస్త ఎత్తి పట్టుకుంటే సరిపోద్ది. అన్నట్టు, రేపటి స్లో పందెంలో నీ పేరు ఇచ్చేశాను!"

ఆ బజారులో ఏటా మోటారు బళ్లకు స్లో పందెం పెట్టేవారు. సున్నంతో గీసిన గీతల మధ్య బండి నడపాలి. గీత దాటినా, ఆగినా, కాలు కింద పెట్టినా ఔటే. అందరికన్నా ఆఖరున చేరినవాళ్లే గెలిచినట్టు! పొద్దున ఓడినవాళ్లకు సాయంత్రం ఇంకో అవకాశం ఇవ్వడం అక్కడి ఆనవాయితీ.

భూలక్ష్మికి భయం వేసింది. కానీ మొగుడి ముఖంలో ఆ వెలుగు చూసి కాదనలేకపోయింది. ఎలాగూ సోమవారం ఎక్కాల్సిందే కదా, ఆదివారమే భయం తీరిపోతుందిలే అనుకుంది.

ఆదివారం పొద్దున మైదానం కిటకిటలాడింది. తాతారావు బండిని నడిపించుకుంటూ లోపలికి రాగానే ఒకటే ఈలలు! మైకు పట్టుకున్న అబ్బులు గొంతు చించుకున్నాడు. "అబ్బబ్బబ్బ! ఏం బండండీ బాబూ! దొరగారి బంగళాలోంచి దిగొచ్చినట్టుంది!" తాతారావుకు నేల మీద కాలు నిలవలేదు.

భూలక్ష్మి ఎక్కింది. కాలివేళ్ల కొసలు కూడా నేలకు అందలేదు. హ్యాండిలు అందుకోవాలంటే బోర్లా పడుకున్నట్టు వంగాల్సి వచ్చింది. బ్రేకు మీదకి రెండు వేళ్లే చేరాయి. "ఏవండీ..." అనబోయింది. అప్పటికే విజిల్ ఊదేశారు.

ఇంజను గుడగుడలాడుతూ బండి కదిలింది. ఆ రెండు వేళ్లతోనే బ్రేకు నొక్కి వదులుతూ, నొక్కి వదులుతూ, ఊపిరి బిగబట్టి పోనిచ్చింది భూలక్ష్మి. పక్క గీతలోని స్కూటరు అతను ముందుకెళ్లిపోయాడు. ఒక మోపెడ్ గీత దాటి ఔటయింది. "భూలక్ష్మిగారు వెనకబడ్డారండీ! అంటే గెలుస్తున్నారండీ!" అని అబ్బులు కేక. చీర ఎత్తి పట్టుకుందామంటే ఆమెకి మూడో చెయ్యి ఏదీ? గాలికి కుచ్చిళ్లు రెపరెపలాడాయి. బెల్టు వాటిని లటుక్కున లాక్కుంది. టక్కుమని ఇంజను ఆగిపోయింది. బండీ, భూలక్ష్మీ కలిసి పక్కకు ఒరిగిపడ్డారు.

మెల్లగా పోతున్న బండి కాబట్టి మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది. తాతారావు పరుగున వచ్చి బెల్టులోంచి చీర తీస్తుంటే గుంపులోంచి ఎవరో అన్నారు, "బండి మాత్రం అదిరిందయ్యా తాతారావూ!"

ఆ మాట కోసమే కదా ఇన్ని రోజులూ ఒళ్లు హూనం చేసుకున్నాడు! కానీ పెళ్లాం మట్టిలో కూర్చుని చిరిగిన కుచ్చిళ్లు చూసుకుంటుంటే, ఆ మెప్పు అతనికి చెంపదెబ్బలా తగిలింది.

భూలక్ష్మి ఏడవలేదు. సూటిగా అడిగింది. "ఇదే రేపు కాలవ గట్టు మీద జరిగితే? నన్ను ఎవరు చూస్తారా అని ఆలోచించారు గానీ, నేను ఎలా వెళ్తానా అని ఒక్కసారైనా ఆలోచించారా? నాకు బండొద్దు. ఉద్యోగమూ వద్దు."

భార్య ఎన్నాళ్ల ఆశను తన గొప్ప కోసం నేలపాలు చేశాడో తాతారావుకు అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గుతో చితికిపోయాడు.

"తప్పు నాదే. చిన్నప్పటి కోరిక అన్నావు, దాన్ని వదులుకోకు," అన్నాడు. "సాయంత్రం దాకా టైముంది. నువ్వు ఎక్కి కూర్చో. బండి నేను పట్టుకుంటా. ఎక్కడ ఏది కావాలో చెప్పు, అది చేస్తా. నా నోటమ్మట ఒక్క మాట రాదు."

భూలక్ష్మి లేచి, చీర దులుపుకుని కొట్టుకు నడిచింది.

కొట్లో బండెక్కి కూర్చుని, "సీటు దించండి. ఇంకా. ఆఁ, ఇప్పుడు కాళ్లు ఆనుతున్నాయి," అంది. దించాడు. "హ్యాండిలు నా దగ్గరికి రావాలి." మొదట ఉన్నట్టే మళ్లీ పైకి తిప్పి బిగించాడు. "బ్రేకు నా చేతికి దగ్గరగా." జరిపాడు. "నా అన్నం క్యారేజీ, పిల్లల బొమ్మలు ఎక్కడ పెట్టుకోను?" మూలనుంచి బుట్ట తెచ్చి తగిలించాడు. "నా కోళ్లగూడు?" అంది ఓరగా చూస్తూ. తాతారావు కిక్కురుమనకుండా చీర గార్డు బిగించాడు. బెల్టు మీద మూత వెయ్యడానికి సరైన రేకు దొరకలేదు. వేరుశనగ నూనె డబ్బా కోసి బిగించేశాడు. తేనెరంగు ట్యాంకు కింద వేరుశనక్కాయల బొమ్మ! రంగు వేసే తీరిక లేదు, అలాగే బయల్దేరారు.

సాయంత్రం ఆ బండిని చూసి మైదానమంతా గొల్లుమంది. "తాతారావ్! పొద్దున దొరసాని, సాయంత్రం శనక్కాయల బండా?" అని అబ్బులు మైకులోనే ఏడిపించాడు. తాతారావు తలెత్తి చూస్తేగా! అతని చూపంతా భూలక్ష్మి చేతుల మీదే.

విజిల్ మోగింది. ఈసారి ఆమె నడుము నిటారుగా ఉంది. బ్రేకు మీద నాలుగు వేళ్లూ కుదురుగా ఉన్నాయి. కుచ్చిళ్లు జాలీకి రాసుకుంటూ గాలికి ఊగాయే గానీ లోపలికి పోలేదు. ఒకడు కాలు దించాడు. ఇంకొకడు గీత తొక్కాడు. మిగిలిన స్కూటరు గబుక్కున ముందుకు దూకి గమ్యం దాటేసింది. భూలక్ష్మి మాత్రం నింపాదిగా, పెళ్లి ఊరేగింపులా వస్తోంది! జనం నవ్వడం మానేసి చప్పట్లు మొదలుపెట్టారు. "రావాలి రావాలి! నిదానంగా రావాలి!" అని అబ్బులు అరుస్తుండగా ఆమె ఆఖరున గీత చేరింది. గెలిచింది!

అయితే ఆమె ఆగలేదు. హారన్ బాతులా మోగించి, మైదానం గేటు దాటి, కాలవ గట్టు వైపు తిప్పింది.

"ఏమేవ్, ప్రైజు!" అంటూ వెనకాలే పరుగెత్తాడు తాతారావు.

కాలవ వంతెన దగ్గర ఆమె వెనక్కి తిరిగి వస్తూ ఎదురైంది. రొప్పుతూ అడిగాడు, "బండి... బండి ఎలా ఉంది?"

భూలక్ష్మి తికమకపడి నవ్వేసింది. "బండా? దాని సంగతే మరిచిపోయానండీ. రేపు పిల్లలకు ముందు ఏ ఆట నేర్పాలా అని ఆలోచిస్తూ వచ్చేశాను."

తన పనికి తాతారావు పొందిన మెప్పులన్నింటిలోకీ అదే పెద్దది. అతని కళ్లు చెమ్మగిల్లాయి. బెల్టు మూత మీద శనక్కాయల బొమ్మకు ఆ తర్వాత కూడా అతను రంగు వెయ్యలేదు. సోమవారం పొద్దున తూములపాలెం పిల్లలకు అన్నిటికన్నా నచ్చింది ఆ బొమ్మేనట!

నీతి: ఎవరి కోసం చేస్తున్నామో వాళ్లను అడిగి, వాళ్లకు నప్పేలా చేసిన పనే అందమైన పని, చూసేవాళ్ల మెప్పు కోసం చేసింది ఎంత మెరిసినా వాడేవాళ్లకు అక్కరకు రాదు.