సొంత గడప ముందు చాటింపు

మీ తాతల తాతకు ఇంకా మీసం మొలవని కాలం. గునుగులపల్లె అని ఒక ఊరు. ఆ ఊళ్ళో డప్పు కొట్టి చాటింపు వేసే ఓదెలు అని ఒకడు. ఎద్దు తప్పిపోయినా చాటేవాడు, వాగు పొంగినా చాటేవాడు, పటేలు ఏం చెప్తే అది చాటేవాడు. మాట తనది కాదు, గొంతొక్కటే తనది. అందులో తప్పేముందో పాపం అతనికి ఎన్నడూ తోచలేదు.

ఆ ఏడు ఊరికి ఒక వింత రోగం పట్టింది. కుమ్మరి వీధిలో ఓ పిల్ల ఉన్నట్టుండి కుక్కలా మొరిగింది. దాన్ని చూసి పక్కింటి పిల్ల మొరిగింది. దాన్ని చూసి ఎదురింటి పిల్ల. వారం తిరిగేసరికి ఊళ్ళో ఉన్న మూడు వీధులూ మొరిగాయి.

మంత్రగాణ్ణి పిలిపించారు. వాడు నిమ్మకాయ కోసి, బూడిద చల్లి, "ఇది బాణామతి, ఎవరో చేతబడి చేసిండ్రు" అన్నాడు. మొదట మొరిగిన పిల్ల ఏం తిన్నదని అడిగాడు. భూమవ్వ దగ్గర పేలాలు కొనుక్కు తిన్నదన్నారు. ఇంకేం, దొంగ దొరికిపోయింది!

భూమవ్వ వెనకా ముందూ ఎవరూ లేని ముసలిది. వేడి ఇసుకలో జొన్నపేలాలు వేయించి అమ్ముకునేది. ఆ పేలాలు తిన్నవాళ్ళూ మొరుగుతున్నారు, తిననివాళ్ళూ మొరుగుతున్నారు. ఎదురుగా ఉన్న ఈ సంగతి ఒక్కరికీ కనబడలేదు. భయం పట్టిన ఊరికి చెవులే తప్ప కళ్ళుండవు.

"దాని పండ్లు రాలగొట్టాలె. పండ్లు లేని నోట్ల మంత్రం పలుకది" అన్నాడు మంత్రగాడు.

పటేలు ఓదెలును పిలిచాడు. "పొద్దుగూకక ముందే మూడు వీధుల్ల చాటురా. భూమవ్వ బాణామతి చేసింది, ఊరంత చావడి కాడికి రావాలె అని."

"అట్లనే పటేలా" అన్నాడు ఓదెలు. చిన్నప్పటి నుంచి అతనికి అలవాటైన జవాబు అదొక్కటే.

ఇంటికొచ్చి డప్పును మంట మీద కాచాడు. గడప ముందు నిలబడి గొంతు సరిచూసుకున్నాడు.

డండం డం. "ఊరోళ్ళారా వినుండ్రి! భూమవ్వ బాణామతి చేసిందహో!"

లోపల అతని తల్లి ఉంది. ఆమెకు సగం చెవుడు. డప్పు వినబడింది, బాణామతి వినబడింది, పేరు వినబడలేదు. గోడ పట్టుకుని వణుకుతూ వచ్చింది.

"నన్నేనా బిడ్డా?" అంది.

ఓదెలు చెయ్యి ఆగిపోయింది. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. కన్నకొడుకు దగ్గర పండ్లు దాచుకుంటోంది.

"నిన్ను గాదే అవ్వా" అన్నాడు. ఆమె కొంగు తియ్యలేదు. ఊళ్ళో ముసలమ్మలంతా ఇప్పుడు ఇలాగే కూర్చుని ఉంటారని అతనికి అర్థమైంది. డప్పు భుజాన వేసుకుని బయల్దేరాడు.

మొదటిది పటేలు వీధి. డండం డం. "ఊరోళ్ళారా వినుండ్రి! పటేలు తల్లి రాజవ్వ బాణామతి చేసిందహో!"

రెండోది షావుకారు వీధి. డండం డం. "ఊరోళ్ళారా వినుండ్రి! షావుకారు తల్లి నాగమ్మ బాణామతి చేసిందహో!"

మూడోది కుమ్మరి వీధి. మొదట మొరిగిన పిల్ల వాకిట్లోనే ఉంది, మొరుగుతూనే ఉంది. డండం డం. "ఊరోళ్ళారా వినుండ్రి! ఈ పిల్ల నాయనమ్మ కనకవ్వ బాణామతి చేసిందహో!"

పిల్ల మొరుగుడు ఠక్కున ఆగింది. "మా నాయనమ్మ ఏం జెయ్యలే!" అని బావురుమంది. అచ్చం మనిషి ఏడుపే.

మూడు వీధుల జనం ఓదెలును చావడికి ఈడ్చుకుపోయారు. పటేలు నిప్పులు కక్కాడు. "మా అమ్మ చేసిందని నీకెవడు చెప్పిండురా? సాక్ష్యమేది?"

"భూమవ్వ మీద ఎంత సాక్ష్యమున్నదో, రాజవ్వ మీద గంతే ఉన్నది పటేలా" అన్నాడు ఓదెలు. "కావాల్నంటే నా పండ్లు రాలగొట్టుండ్రి. భూమవ్వను ముట్టకుండ్రి."

అంతలో కర్ర టకటకలాడిస్తూ రాజవ్వే వచ్చింది. "నాకున్నయే మూడు పండ్లు కొడుకా. ముందు నాయే పీకియ్యి, తేలిగ్గ ఊడుతయి" అని నోరు తెరిచింది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకరు నవ్వారు. చావడి మొత్తం నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పటేలు తలపాగా తీసి తల్లి కాళ్ళ దగ్గర పెట్టాడు. మంత్రగాడి కోసం చూస్తే నిమ్మకాయలున్నాయి, మనిషి లేడు.

భూమవ్వ గుడిసె తలుపు లోపల గడియ పెట్టి ఉంది. "తలుపు తియ్యవ్వా, ఇగ ఎవ్వలు ఏమనరు" అన్నాడు ఓదెలు. ఆమె బయటికొచ్చి మట్టిలో కూలబడి తనివితీరా ఏడ్చింది. తర్వాత లేచి పొయ్యి రాజేసింది. ఆ సాయంత్రం ఊరంతా పేలాలు తిన్నది. ఒక్కరూ మొరగలేదు.

ఓదెలు పోయి ఎన్ని తరాలైందో ఎవరికి తెలుసు! ఆ ఊళ్ళో ఎవరైనా పుకారు మోసుకొస్తే, "ఆ మాట ఓదెలు గడప దాటిందా?" అని అడుగుతారు. డప్పు పోయి ఆటోకు మైకు వచ్చింది. అయినా చాటింపు వేసేవాడు మొదట తన ఇంటి గడప ముందే చాటుతాడు. లోపల్నుంచి తల్లి "నన్నేనా బిడ్డా?" అని అడిగిందంటే, ఆ మాట ఇక వీధిలోకి పోదు.