రోళ్ళ పడవ, కుండల పడవ

అనగనగా ఒక కాలవ. ఆ కాలవ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో సూరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఒక పడవ ఉండేది.

ఆ రోజుల్లో పడవకి మర ఉండేది కాదు. ముక్కుకి పొడుగాటి తాడు కట్టి, ముగ్గురు మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవాళ్ళు. సూరమ్మ వెనకాల కూచుని చుక్కాని పట్టేది. చుక్కానంటే పడవని ఇటూ అటూ తిప్పే చెక్క.

లాగేవాళ్ళకి వయసు మళ్ళి, ఒక్కొక్కరే మానుకున్నారు. సూరమ్మకీ చూపు తగ్గింది. పడవ సంగతి తెలిసిన మనిషి ఒక్కరు తయారవకపోతే, దాన్ని గట్టు మీద బోర్లించి చెదలకి వదిలెయ్యడమే. అందుకని ముగ్గుర్ని పిలిచి పని నేర్పడం మొదలెట్టింది.

మొదటివాడు ఆవిడ మేనల్లుడు భీమన్న. వడ్ల బస్తా ఒంటిచేత్తో ఎత్తేవాడు. రెండోవాడు పక్కింటి రాఘవులు. వాడు పరిగెడితే వెంటపడ్డ కుక్కలే అలిసి కూచునేవి. మూడోది పైడమ్మ. సన్నటి పిల్ల, మాట తక్కువ. తాడు లాగేటప్పుడు అడుగుకోసారి "రామ" అనుకునేది. వాళ్ళమ్మ చేసిన అలవాటు అది. దణ్ణానికి దణ్ణం, లెక్కకి లెక్క.

"ఏమే, పడవ లాగడానికొచ్చావా, భజనకొచ్చావా?" అనేవాడు రాఘవులు.

"నోరు ఖాళీగా ఉంటే నీలాగా వాగాలిగా," అనేది పైడమ్మ.

మొదటిరోజు ఖాళీ పడవ. తాడు అందుకోగానే కదిలింది. పైడమ్మ లెక్కకి అయిదు రామనామాల్లో నడక అందుకుంది. రేవుకి కాస్త ముందు గట్టు మీద ఒక నేరేడు మొద్దు ఉంది. "అక్కడ తాడు వదలండి," అంది సూరమ్మ. వదిలారు. పడవ తనే వచ్చి మెట్ల దగ్గర మెత్తగా ఆగింది.

ఆ తర్వాత రెండోరోజు. పడవలో వడ్ల బస్తాలు వేశారు. భీమన్న చేతుల్లో ఉమ్మేసుకుని ఒక్క గుంజు గుంజాడు. పడవ కదల్లేదు. తాడు జారి వాడే వెల్లకిలా పడ్డాడు.

"పడవ కాదత్తా ఇది. ఎవరో నేలలో పాతేశారు," అన్నాడు లేస్తూ.

"గుంజకు నాయనా. తాడు మీద వాలి, వాలే ఉండు. అది లేవడానికి కాస్త వ్యవధి ఇయ్యి."

ముగ్గురూ వాలారు. పది నామాలకి పడవ కొంచెం ఒళ్ళు విరుచుకుంది. ఇరవై నామాలకి నడక అందుకుంది. అప్పుడు నేరేడు మొద్దు వచ్చింది. వదిలారు. పడవ మాత్రం ఆగలేదు. మెట్లు దాటి పోయి, అవతల బురదలో ముక్కు గుచ్చింది.

"చూశారా," అంది సూరమ్మ. "లేవడానికి ఎంత బద్ధకించిందో, ఆగడానికీ అంతే బద్ధకిస్తుంది. బరువు స్వభావం అది. ఇంకా ముందే వదలాలి."

అప్పుడు రాఘవులు మొద్దుకి ఇరవై అడుగుల ముందు ఒక కర్ర పాతాడు. "ఖాళీ పడవకి మొద్దు, బరువు పడవకి కర్ర. అయిపోయింది చదువు," అన్నాడు. భీమన్న నవ్వాడు. పైడమ్మ ఆ కర్రకేసి చూసింది. సూరమ్మకి అది సరికాదనిపించింది. పొద్దుపోయింది, సంధ్యదీపం పెట్టాలి, రేపు చెప్పొచ్చులే అనుకుంది.

మూడోరోజు పై ఊరి నుంచి రోళ్ళు తేవాలి. రాతిరోళ్ళు. ఇరవై రోళ్ళు ఎక్కేసరికి పడవ అంచు నీళ్ళకి జానెడు దూరంలోకి దిగింది. ముగ్గురూ తాడు మీద వాలారు. పైడమ్మ లెక్క అరవై దాటాక గానీ పడవ నడక అందుకోలేదు.

దారిలో మబ్బు పట్టింది. తడిసే సరుకు కాదు, అయినా రాఘవులికి తొందర. "కానీండి, చినుకు పడేలోపు ఇంట్లో ఉండాలి," అని పరుగెత్తాడు. వాడితోపాటు మిగతా ఇద్దరూ, వాళ్ళ వెనక పడవా. రోజూ నడిచే పడవ ఆవేళ పరుగెత్తింది.

ఊరు కనపడింది. రేవులో కుమ్మరి లచ్చన్న పడవ కట్టేసి ఉంది. దాన్నిండా కుండలు, మూకుళ్ళు, నీళ్ళ బానలు. నాలుగు నెలలు మొగుడూ పెళ్ళాం చేసి కాల్చినవి. వాటిని ఊరూరా ఇచ్చి గింజలు తెచ్చుకుంటేనే ఆ ఇంట్లో ఏడాదంతా పొయ్యి వెలుగుతుంది. లచ్చన్న భార్య కుండల మధ్య గడ్డి కుక్కుతోంది.

సూరమ్మకి కుండలు మసకగానే కనపడ్డాయి. కింద పడవ జోరు మాత్రం అరికాళ్ళకి తెలిసింది. "వదలండి," అని కేక వేసింది.

"ఇంకా కర్ర రాలేదత్తా," అన్నాడు రాఘవులు.

"వదలమంటోందిగా," అంది పైడమ్మ.

"అక్కడ కర్ర కనపడుతోంది కదే. నీ భజన నువ్వు చేసుకో."

కర్ర వచ్చింది. వదిలారు. పడవకి ఆ సంగతే పట్టినట్టు లేదు. సూరమ్మ చుక్కాని తిప్పినా, అదే జోరున కుండల మీదికి పోతోంది.

అప్పుడు భీమన్న లాగే తాడు పట్టుకుని ముందుకు ఉరికి, రేవులో పడవలు కట్టే మొదటి గుంజకి గట్టిగా ముడేశాడు. తాడు బిగిసింది. దారప్పోగులా పుటుక్కున తెగింది.

ఆ తర్వాత రాఘవులు లచ్చన్న పడవలోకి దూకి, రెండు పడవల మధ్యకి కాలు చాపబోయాడు. లచ్చన్న భార్య వాడి జుట్టు పట్టి వెనక్కి లాగింది. "కాలు పోతుందిరా వెర్రివాడా. కుండ పోతే మళ్ళీ చేస్తాం, నీ కాలు చెయ్యలేం."

అప్పుడు పైడమ్మ, "అత్తా, వెనక తాడు," అంది. సూరమ్మ పడవ వెనక కొసకి కట్టి ఉన్న తాడు విసిరింది. పైడమ్మ దాన్ని రెండో గుంజకి రెండు చుట్లు చుట్టింది. ముడి వెయ్యలేదు. కొస పట్టుకుని వెనక్కి వాలి, కొంచెం కొంచెంగా జారనిచ్చింది. అరవై నామాల్లో ఎక్కిన జోరు, ఆపైన పరుగుతో ఎక్కిన జోరు, ఒక్క నామంలో దిగుతుందా? తాడు పొడుగున్నంతసేపూ దించాలి.

రామ, రామ, రామ. గుంజ దగ్గర పొగ లేచింది. భీమన్న దోసిళ్ళతో నీళ్ళు తెచ్చి పోశాడు. పదికి పడవ పరుగు మానింది. ఇరవైకి నడకలో పడింది. ముప్ఫైకి తడబడింది. చివరికి తాడు మూరెడు మిగిలిందనగా, రోళ్ళ పడవ ముక్కు కుండల పడవని వేలితో తట్టినట్టు తట్టి ఆగింది. ఒక బాన మీద మూత టంగుమంది. అంతే.

లచ్చన్న ఆ మూత సర్దాడు.

"ముడేస్తే తెగుతుందని నీకెవరు చెప్పారే?" అన్నాడు భీమన్న.

"నిన్న నువ్వు గుంజి పడ్డావుగా, అప్పుడే తెలిసింది," అంది పైడమ్మ. అరచేతులు బొబ్బలెక్కాయి. సూరమ్మ వాటికి వెన్న రాసింది.

"తప్పు నాది," అందావిడ. "ఆ కర్ర పాతిన పూటే పీకించాల్సింది." అప్పుడే కర్ర పీకించింది, మొద్దు కూడా తవ్వించింది. భీమన్న దాన్ని పేళ్ళు కొట్టాడు, రాఘవులు మోశాడు. లచ్చన్న ఒక కొత్త కుండ ఇచ్చాడు. ఆ కుండలో, ఆ పేళ్ళ మంట మీద పెసరపప్పు పులగం వండి, రాముడికి చూపించి, అందరూ తిన్నారు.

మర్నాటి నుంచి చుక్కాని దగ్గర పైడమ్మే కూచుంది. ఎక్కడ వదలాలని ఎవరన్నా అడిగితే, "ఎంత బరువు? ఎంత జోరు?" అని ఎదురడిగేది.

నువ్వూ ఆ పడవ లాంటిదానివే కదూ కన్నా? పొద్దున్న లేవమంటే కదలవు, రాత్రి పడుకోమంటే ఆగవు. ఫరవాలేదు. నేనూ ముడెయ్యను. మెల్లగా జారనిస్తాను.

రోళ్ళ పడవ రేవులో ఆగింది,
కుండల పడవ కొంచెమే ఊగింది,
కథ తాడు జారుతూ కంచికి సాగింది,
మనమూ ఇంటికొచ్చాం, కళ్ళు మూసుకో... రామ... రామ...