బందెలదొడ్డిలో కుందేళ్ళు

వేటంటే పడిచచ్చే ఒక జమీందారు, అడవి కుందేళ్ళన్నీ తనవేననీ, వాటిని ఎవరూ కొట్టకూడదు, తరమకూడదనీ ఊళ్ళో దండోరా వేయించాడు. దాంతో అవి నూకాలు పెరట్లోకి దర్జాగా వచ్చి తోటకూరను మొదళ్ళదాకా నమిలేశాయి. ఆ పెరడే ఆమెకింత కూడు పెడుతోంది. నూకాలు కడుపు మండిపోయింది.

మర్నాడు ఆమె గంప బోర్లించి రెండు కుందేళ్ళను పట్టింది. కొట్టలేదు, తరమలేదు. నెత్తిన పెట్టుకుని తిన్నగా బందెలదొడ్డికి తీసుకెళ్ళింది. పంట మేసిన పశువులను కట్టేసేది అక్కడే. యజమాని స్వయంగా వచ్చి, పంట పోయినవాళ్ళకు దణ్ణం పెట్టి మరీ విడిపించుకోవాలన్నది జమీందారు తాతగారు పెట్టిన కట్టుబాటు.

కబురందగానే జమీందారు నిప్పులు కక్కుతూ వచ్చాడు. ఊరంతా మూగింది.

"తమరి కుందేళ్ళే బాబూ! ఒక్క దణ్ణం పెట్టి తీసుకెళ్ళండి," అంది నూకాలు వినయంగా.

"నీకు నేను దణ్ణం పెట్టాలా? అడవి కుందేళ్ళకు యజమానేమిటే! అవి నావి కావు!" అని అరిచాడాయన.

"ఊరంతా సాక్ష్యం బాబూ," అంటూ నూకాలు గంప మళ్ళీ నెత్తికెత్తుకుంది.

ఆ సాయంత్రం ఆమె పొయ్యి మీది మసాలా వాసన మేడదాకా వచ్చింది. జమీందారు కిటికీలు మూయించుకున్నాడు.