సుంకమ్మ పీకేసిన మెట్లు

దస్తగిరి కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

తుంగభద్ర ఒడ్డున గుడిసె వేసుకున్న కరీముల్లా షా ఫకీరు దగ్గర అతను పదేళ్లుగా శిష్యుడు. వరదకు కొట్టుకుపోయిన రేవు మెట్లు తిరిగి కట్టించే పని గురువు అతనికే అప్పగించాడు. నలభై రోజులు ఎండలో నిలబడి, దారం పట్టి కొలిచి, రాయి మీద రాయి పేర్పించాడు. నిన్ననే పని పూర్తయింది.

"బాబా! చాకలి సుంకమ్మ మనుషుల్ని పోగేసుకొచ్చి పై మెట్లు పీకేసింది!"

"ఎందుకట?"

"ఎందుకేమిటి? పొగరు! రోజూ వచ్చి ఎత్తు తగ్గించమని ఒకరు, వెడల్పు చెయ్యమని ఒకరు. వాళ్ల మాటలు వింటూ కూర్చుంటే పని అయ్యేదా? మీరొచ్చి గట్టిగా ఒక్కమాట చెప్పండి. నోరు మూసుకుంటారు."

ఫకీరు లేచి రేవుకు నడిచాడు.

సుంకమ్మ పలుగు పట్టుకుని నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నిన్న నా కోడలు ఈ మెట్ల మీద పడి చెయ్యి ఇరగ్గొట్టుకునింది. మళ్లా కడితే మళ్లా పీకుతా!"

ఫకీరు నీళ్లు కారుతున్న బట్టల మూట ఒకటి చూపించి, దస్తగిరి నెత్తికి ఎత్తించాడు.

"ఎక్కు."

కింది మెట్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఒక్కోటి మోకాలెత్తు. నాలుగు ఎక్కేసరికి దస్తగిరికి రొప్పు వచ్చింది. ఐదో దాని మీద కాలు జారింది. మూట బురదలోకి దొర్లింది. మోకాలు చిట్లి నెత్తురు కారింది.

"థూ! ఏ బుద్ధిలేనివాడు కట్టాడీ..."

కట్టించింది తనేనని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

అతను కుంటుకుంటూ కిందికి దిగాడు. "అమ్మా, మెట్టు ఎంతెత్తు ఉండాల?"

"ఇప్పుడా అడిగేది?" సుంకమ్మ పలుగు నేలకేసి కొట్టింది. "నలభై దినాలు నీ ముందర నిలబడి మొత్తుకుంటిమి గదప్పా! చెవులు యాడ పెట్టుకున్యావు?"

దస్తగిరి ముఖం మళ్లీ ఎర్రబడింది. గురువు వైపు తిరిగాడు. "చూశారా బాబా? అడిగినా తిడుతోంది!"

"ఇన్నాళ్లూ అడగలేదని తిడుతోంది," అన్నాడు ఫకీరు. "అడగొద్దనడం లేదు."

దస్తగిరి సుంకమ్మ వైపు తిరిగి, వింటూ నిలబడ్డాడు. ఆమె తిట్లు ఇంకా అయిపోలేదు.